కునుకు మావయ్య పెట్టిన హోటలు

ముందుగా ఒక మనవి. మనవలు పుట్టాక అక్షరాలు దిద్దినదాన్ని. ఎక్కడైనా వొత్తు జారినా, దీర్ఘం మిగిలిపోయినా మీరే సర్దుకొని చదువుకోండి. నా రాత నత్తనడక. ఒక పేజీ పూర్తయ్యేలోపు పొయ్యిమీద పాలు పొంగి, చల్లారి, తోడుకుంటాయి కూడా. అందుకని నేరుగా కథలోకి వస్తాను.

మా ఎదురు మేడమీది వాటాలో ఉండే బస్సు డ్రైవరును వీధి పిల్లలంతా కునుకు మావయ్య అంటారు. స్టీరింగు ముందు ఆయనకు రెప్ప పడదు. బస్సు దిగాడా, నిలబడ్డ చోటే నిద్ర. ఒకసారి సెలూనులో సగం గడ్డం గీసేసరికి గురక పెట్టాడు. సెలూనతను తలుపు దగ్గరగా వేసి, ఇంటికెళ్ళి భోంచేసి వచ్చి మిగతా సగం గీశాడు.

ఏడాదంతా జనాన్ని విహారాలకు మోసే ఆ మనిషికి వేసవిలో వారం సెలవు దొరికింది. ఆ వారం మంచం దిగకూడదని ఆయన పంతం. సముద్రం చూడాలని పిల్లల పంతం. పెద్దదానికి ఏడేళ్ళు. మాటకు మాట అప్పజెప్పనిదే ఊరుకోదు కనుక ఇంట్లో దాని పేరు లాయరు. నాలుగేళ్ళవాడు ఒకచోట నిలవడు కనుక బొంగరం. ఏటా 'వచ్చే వేసవికి' అని వాయిదా వేస్తూ వచ్చాడు తండ్రి. ఈసారి లాయరు వాయిదాకు ఒప్పుకోలేదు.

ఆయన మంచంమీదే దీర్ఘంగా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు.

"ఏమోయ్, ఈ వారం మన ఇల్లే హోటలు. ముందుగది రిసెప్షను. పడగ్గది లగ్జరీ రూము. స్నానాలగది స్విమ్మింగు పూలు. పైసా ఖర్చు లేదు. పిల్లలకు సరదా."

"మరి మీరు?"

"నేను హోటల్లో దిగినవాణ్ణి. పడుకుంటాను."

భార్య తరుగుతున్న ఉల్లిపాయ పక్కన పెట్టింది. "బాగుందండీ. నేనూ దిగుతాను."

"నువ్వూ దిగితే వంటెవరు చేస్తారు?"

"హోటలువాళ్ళు."

"ఆ హోటలువాళ్ళెవరు?"

"హోటలు పెడదామన్నది ఎవరు?" అంది లాయరు, బొమ్మల పుస్తకంలోంచి తలెత్తకుండా.

తీర్పు వచ్చేసింది. ఇక అప్పీలు లేదు.

మర్నాడు పొద్దెక్కినా భార్య లగ్జరీ రూము విడిచి రాలేదు. పెళ్ళయ్యాక ఆమె అలా పడుకోవడం అదే మొదలు. లోపల గ్లాసుమీద చెంచా మోగినప్పుడల్లా కునుకు మావయ్య పరుగెత్తాలి.

"మేనేజరుగారూ, ఇది కాఫీయా, గ్లాసు కడిగిన నీళ్ళా?"

"మా హోటలు స్పెషలండీ."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో భార్యను 'అండీ' అనడం అదే మొదటిసారి. ఆమె ఆ కడుగునీళ్ళు ఆఖరి చుక్కదాకా తాగింది.

మధ్యాహ్నం గుడ్లు వేయించాడు.

"నాన్నా, దీంట్లో పెంకులున్నాయి."

"బలమమ్మా. ఎముకలు గట్టిపడతాయి."

"అయితే నువ్వు తిను. నీ ఎముకలు ఎప్పుడు చూసినా పడుకునే ఉంటాయి."

ఆయన వంటింటి గోడకు ఆనుకొని అలా రెప్ప వాల్చాడో లేదో, స్నానాలగదిలో బొంగరం సముద్రం తయారుచేయడం మొదలుపెట్టాడు. నీళ్ళు పోయే తూములో తండ్రి యూనిఫారం చొక్కా కుక్కి, కుళాయి తిప్పి వదిలాడు. సముద్రం గడప దాటింది. వంటింటికి వచ్చి మేనేజరు పాదాలు తడిపింది. అయినా ఆయన లేవలేదు. కింది వాటా దర్జీ వచ్చి తలుపు బాదితే లేచాడు.

"అన్నా, మా ఇంటికప్పు వర్షిస్తోంది. కుట్టిన బట్టలన్నీ నీళ్ళోడుతున్నాయి."

"కంగారుపడకు తమ్ముడూ. పైన స్విమ్మింగు పూలు పెట్టాం."

"పైన మీరు ఈదితే, కింద నేను మునగాలా?"

లోపల చెంచా మోగింది. "మేనేజరుగారూ, పక్క రూమువాళ్ళ గోల భరించలేకుండా ఉన్నాం."

దర్జీ చుట్టూ చూశాడు. "ఓహో, హోటలా ఇది? అయితే మా ఇల్లు ఆరేదాకా మాకూ ఒక రూము." వెళ్ళి ముందుగదిలో ఉన్న కునుకు మావయ్య మంచంమీదే కూర్చున్నాడు. వెనకే పెళ్ళాం, పిల్లలు ఎక్కి వచ్చారు, కుట్టుమిషనుతో సహా. రాత్రి మేనేజరు వంటింట్లో బియ్యం డబ్బాకు చేరగిలబడ్డాడు.

మరుసటి రోజు బొంగరం గోళీకాయ టికెట్టు పెట్టి, వీధిలోని పిల్లలందరినీ హోటలుకు తోలుకొచ్చాడు. అందరికీ ఆకలే. అందరి చేతిలోనూ చెంచాలే.

ఆ మర్నాడు తెల్లవారుతూనే కునుకు మావయ్య మెట్లకింద నక్కి డిపోకు ఫోను చేశాడు.

"సార్, నా సెలవు రద్దు చేయండి. ఏ బస్సైనా ఫరవాలేదు. హారన్ తప్ప ఏదీ పనిచేయకపోయినా ఫరవాలేదు."

"ఏమైందయ్యా, ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"అందరూ కులాసాయే సార్, నేను తప్ప."

వెంటనే రమ్మన్నారు. చెప్పులు చేతబట్టుకొని పిల్లిలా జారుకున్నాడు. డిపో బల్లమీద కూర్చోగానే పాత బాకీ కునుకంతా ఒక్కసారిగా మీద పడింది. సూపర్‌వైజరు తట్టి లేపేసరికి బస్సు నిండి ఉంది. బోర్డుమీద 'సముద్రతీరం' అని ఉంది. ముందు సీట్లో భార్య, లాయరు, బొంగరం ఉన్నారు.

"నువ్వా? ఇక్కడికెలా వచ్చావు?"

"మీరు హోటలు తెరిచిన రోజే డిపోకు ఫోను చేశానండీ. మా ఆయన డ్యూటీ కావాలని వస్తారు, సముద్రం బస్సు ఆయనకే అట్టేపెట్టండి అని. ఒక్క రోజులో వస్తాడన్నారు మీ సూపర్‌వైజరు. నేనే, కాస్త ఓపిక గల మనిషి, రెండ్రోజులు ఆగుతారన్నాను. నా పరువు నిలబెట్టారు."

"మరి ఇల్లు?"

"దర్జీ కుటుంబం ఉంది. హోటలు ఖాళీగా ఉంచకూడదుగా."

ఆయన వెళ్ళి స్టీరింగు పట్టుకున్నాడు. నీళ్ళు కనబడగానే బస్సులో అందరూ కిటికీలకు అతుక్కుపోయారు. బొంగరం అద్దానికి ముక్కు ఆనించాడు.

"నాన్నా, ఇంత కుళాయి ఎవరు తిప్పి వదిలేశారు?"

బస్సు ఆగింది. లాయరు చెప్పులు వదిలేసి, తమ్ముడి చెయ్యి పట్టుకొని ఇసుకలోకి పరుగెత్తింది.

భార్య దిగబోతూ సంచిలోంచి ఒక తలగడ తీసి ఆయన చేతిలో పెట్టింది. "సాయంత్రందాకా బస్సు కదలదు. వెనక సీటు పొడుగ్గా ఉంది. చెంచా మోగదు. పడుకోండి."

"ఏమోయ్, ఈ మాట మొదటే చెబితే నేరుగా ఇక్కడికే వచ్చేవాణ్ణి కదా."

"వచ్చేవారే. మరి నాకా రెండు పొద్దులూ పడుకునే యోగం ఎలా పట్టేది?"

దీనికి గట్టి జవాబే ఉండాలని, వెతుక్కుంటూ ఆయన తలగడమీద తల ఆనించాడు. జవాబు దొరికేలోపు గురక వచ్చేసింది.

— ఎదురింటి మామ్మ, డెబ్భై రెండేళ్ళు. ఇప్పుడు చిన్నకూతురి దగ్గర, వీధివైపు కిటికీ ఉన్న గదిలో ఉంటున్నాను.