సెలవు మీద వచ్చిన ఇల్లు

దీపావళికి సెలవు దొరకని హవల్దారు పేడాడ అప్పలసూరిని చూడటానికి, నిబంధనల ప్రకారం, శ్రీకాకుళం జిల్లా నుంచి అతని ఇల్లే మంచుకొండల్లోని సైనిక శిబిరానికి వచ్చింది. జమ్మూ దాకా గూడ్సు బండి మీద, ఆ పైన ఘాటురోడ్డు మీద సొంతంగా. లోపల అతని భార్య నీలవేణి దారి పొడవునా వంట మానలేదు. మలుపులు వచ్చినప్పుడు మాత్రం పప్పుగిన్నె పట్టుకుంది.

గేటు దగ్గర సెంట్రీ తుపాకీ ఎత్తాడు. అతనూ తెలుగువాడే.

"ఎవరది?"

ఇంటికి ఆనాటి సంకేతపదం తెలియదు. నీలవేణి కిటికీ తెరిచింది.

"ఇల్లు బాబూ! అవుపడ్నేదేటి?"

"అందరూ అలాగే చెబుతారమ్మా," అన్నాడు సెంట్రీ.

అప్పలసూరి పరుగెత్తుకొచ్చి, గడప చూసి గుర్తుపట్టి హామీ ఇచ్చాక లోపలికి వదిలారు. వైద్యాధికారి గోడకు స్టెతస్కోపు ఆనించి, ఇంత ఎత్తులోనూ ఊపిరి బాగానే ఆడుతోందన్నాడు.

మిగతా జవాన్ల ఇళ్లు రాలేదు. ఒకడిది మూడో అంతస్తు ఫ్లాటు. కింది అంతస్తులు కదలడానికి ఒప్పుకోలేదు. ఇంకొకడిది అద్దె ఇల్లు. దాని యజమానీ సైన్యంలోనే ఉన్నాడు కాబట్టి అది అతని దగ్గరికి వెళ్లింది. అందుకని అందరూ ఈ ఇంట్లోనే పండగ చేసుకున్నారు. అరిస్తే కొండచరియలు విరిగిపడతాయని పేరున్న సుబేదారు మునిరత్నం, బూట్లు బయట విప్పి, వంటింట్లో చతికిలబడి వెల్లుల్లి వలిచాడు.

"మీరెందుకన్నయ్యా, నాను వలుస్తాను గదా!"

"వద్దులేమ్మా. మా ఇంట్లో ఇది నా పనే."

అతని కళ్లలో నీళ్లు వచ్చాయి. వెల్లుల్లికి కన్నీళ్లు రావని ఎవరూ అనలేదు.

అవతలి కొండ మీదివాళ్లు అపార్థం చేసుకుంటారని టపాసులు కాల్చలేదు. అందరూ నోటితోనే, చిన్నగా, "ఢాం" అన్నారు.

మర్నాడు పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇల్లు వెచ్చగా ఉంది, గోడలు గట్టివి, మనోబలానికి పనికొస్తోంది. కాబట్టి దాన్ని లాన్స్‌నాయక్ హోదాలో సర్వీసులోకి తీసుకున్నారు. మధ్యాహ్నానికి మంచులో కలిసిపోయేలా తెల్లరంగు కూడా వేశారు.

"మరి మనమేటి సెయ్యాల?" అంది నీలవేణి.

"నాకు సెలవిచ్చేసినారు. ఇంటికెల్పోదాం."

నీలవేణి ఒకసారి ఇంటి వైపు చూసి సంచి అందుకుంది.

ఊళ్లో ఇల్లుండిన ఖాళీ స్థలంలో చాప పరిచి కూర్చున్నారు. చూడటానికి వచ్చిన పెద్దలు ఇల్లేదని అడిగారు. డ్యూటీలో ఉందని అప్పలసూరి చెప్పగానే ఛాతీలు విరుచుకుని, స్థలానికి పూలదండ వేసి, ఫొటో దిగి వెళ్లారు.

చినుకులు మొదలయ్యాయి. నీలవేణి కొంగు ఇద్దరి తలల మీదా కప్పింది.

"మల్లీ ఎప్పుడొస్తాది?"

"సెలవు దొరికితే."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ జవాబు ఆమెకు అలవాటే.