ఐపీకి ముస్తాబు

ఆ రోజు ఉదయం లింబాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలరు చిరిగిన చొక్కా వేసుకుని, ఏడు గంటల బస్సెక్కి, కోర్టు ఆఫీసులో ఒక దరఖాస్తు ఇచ్చి, పదింటికల్లా ఆ అరబ్బు నగరంలో, హమ్రియా పేటలోని తన దర్జీ దుకాణం తెరవాలి. ఎక్కడికి వెళ్ళొచ్చాడో నరమానవుడికి తెలియకూడదు.

ఊరి చివర రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీకి అతను నాలుగు వందల యూనిఫాంలు కుట్టిచ్చాడు. గుడ్డంతా అరువు. ఫ్యాక్టరీ ఒక్క రియాలైనా ఇవ్వకుండా మూతపడింది. గుడ్డలవాళ్ళు కేసు వేశారు. అది తేలేదాకా దేశం దాటకూడదని కోర్టువాళ్ళు అన్నారు. ఇక దివాళా తీశానని ఐపీ పెట్టడమొక్కటే దారి. తీరా వెళ్తే, తన దగ్గర చిల్లిగవ్వ లేదని కోర్టుకు చెప్పుకోవడానికి కూడా నూరు రియాళ్ళ ఫీజుందట. అదీ లేనివాళ్ళు ఫీజు మాఫీ చేయమని వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. అది మంజూరై ఐపీ ముందుకు కదిలితేనే అతను ఊరికి పోయేది, మూడేళ్ళుగా చూడని భార్య రాజేశ్వరిని చూసేది.

అప్పులపాలయ్యానని ఎలాగో చెప్పుకోవచ్చు. ఫీజుకు కూడా గతి లేదని ఏ ముఖం పెట్టుకుని చెప్పుకుంటాడు? అందులోనూ ఫ్యాక్టరీ డబ్బు ఎప్పుడో వచ్చేసిందని రూములో అందరికీ చెప్పి ఉన్నాడాయె.

చెప్పులేసుకుంటుంటే రూమ్మేటు ఇస్తారి లేచాడు. సైట్లో మేస్త్రీ, ఆ రోజు డ్యూటీ లేదు.

"గింత పొద్దుగాల ఫైలు పట్టుకొని ఏడికి పోతున్నవే లింబన్నా?"

"ఏం లేదురా, కాయిదాల పని."

"రెండో దుకాణం పెడ్తున్నవా ఏంది?"

లింబాద్రి నవ్వాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ నవ్వే కొంప ముంచింది.

"గీ చినిగిన అంగీ మీద పోతవా? ఆఫీసోళ్ళు ఏమనుకుంటరు?" అంటూ ఇస్తారి తన కొత్త చొక్కా తొడిగించాడు. ఆపైన తన మెడలోని గొలుసు తీసి అతని మెడలో వేశాడు. నాలుగు తులాలదని ఇస్తారి చెబుతాడు. రూములో ఎవరు ఇంటికి ఫోటో పంపాలన్నా దాన్నే వేసుకుంటారు. మావాడు గొలుసు చేయించుకున్నాడని ఊళ్ళలో ఆరు కుటుంబాలు సంబరపడుతున్నాయి.

అంతలో పక్క రూము జిలాని వచ్చాడు. కడపవాడు, అర్బాబు అని పిలిచే అరబ్బు యజమాని ఇంట్లో డ్రైవరు. సంగతి విని, "బస్సులో పోయేదేందిన్నా? నేను దింపుతా పా" అని అర్బాబు కారు తీశాడు. యజమాని బహుమతిగా ఇచ్చాడని చెప్పుకునే రెండు వందల రియాళ్ళ వాచీ విప్పి లింబాద్రి చేతికి పెట్టాడు.

దారిలో ఇస్తారి పెంచలమ్మకు ఫోన్ చేసి రెండో దుకాణం సంగతి చెప్పాడు. ఆమె ఒక పెద్దింట్లో పనిమనిషి, లింబాద్రి దగ్గరే రవికలు కుట్టించుకుంటుంది. వీళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంటి గేటు దగ్గర లడ్డూల డబ్బాతో నిలబడి ఉంది, కారెక్కింది. ఎక్కుతూనే ఒక కవరు లింబాద్రి జేబులో కుక్కింది.

"నూటిరవై రియాళ్ళుండాయి తమ్ముడా. కొత్త అంగట్లో నాకూ ఓ వాటా పెట్టు. ఎన్నాళ్ళని ఇండ్లు తుడుస్తా ఉండేది?"

కారు ఆపమందామని లింబాద్రి నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. దానికి బదులు ఇంకో ఆలోచన వచ్చింది: ఫీజు నూరే కదా. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

బయటే ఉండండని బతిమాలినా ముగ్గురూ కౌంటరు దాకా వచ్చారు. అక్కడి గుమస్తా అబ్దుల్ వహాబ్‌కు హిందీ బాగా వచ్చు. దరఖాస్తు చదివాడు. గొలుసు చూశాడు, వాచీ చూశాడు, లడ్డూల డబ్బా చూశాడు.

"ఫీజు కట్టలేనివారు మీరేనా?"

"ఏం ఫీజే లింబన్నా?" అన్నాడు ఇస్తారి.

"జేబులో ఏముందో చూపించండి" అన్నాడు గుమస్తా.

కవరు బయటికి వచ్చింది. అబ్దుల్ వహాబ్ లెక్కపెట్టి, "ఫీజు పోను మీకింకా ఇరవై మిగులుతుంది" అన్నాడు ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే లింబాద్రికి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

కవరు తీసి పెంచలమ్మ చేతిలో పెట్టాడు. తల ఎత్తలేదు.

"రెండో దుకాణం లేదక్కా. ఉన్నదే మునిగింది. ఐపీ పెట్టనీకొచ్చిన. గా ఫీజుకు గూడ పైసల్లేవు. మీకు చెప్పనీకి సిగ్గయింది."

అబ్దుల్ వహాబ్ చూపు గొలుసు మీదే ఉంది.

"మరి ఈ బంగారం?"

"నాదే సాబ్, నాలుగు తులాలు" అన్నాడు ఇస్తారి.

"అయితే నాలుగు తులాల బంగారం స్నేహితుడికి ఇచ్చే మనిషి నూరు రియాళ్ళు ఎందుకు ఇవ్వడు? అదే రాసి పైకి పంపుతాను."

ఇస్తారికి ఏసీలో చెమట పట్టింది. లింబాద్రి వంక చూశాడు, గొలుసు వంక చూశాడు, కౌంటరు మీదికి వంగి ఏదో గొణిగాడు.

"వినబడలేదు."

"రోల్డ్ గోల్డ్ సాబ్! రూవీ బజార్ల రెండు రియాళ్ళకు కొన్న!"

హాల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అడక్కుండానే జిలాని ముందుకొచ్చి లింబాద్రి చేతి వాచీ విప్పాడు.

"ఇది కూడా అంతే సార్. ఆగిపోయి నాలుగు నెలలైంది."

"నేను కడతా ఫీజు" అని పెంచలమ్మ కవరు ముందుకు తోసింది. లింబాద్రి రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. ఆమెకు కోపమొచ్చింది.

"దారం రీలు కొనేదానికి కూడా నన్నే అడ్వాన్సు అడిగితివే, నాకు అప్పుడే తెలియాల్సింది!"

అబ్దుల్ వహాబ్ పెన్ను తీశాడు. ఈ మనిషి దగ్గర ఏమీ లేదని, ఏడాదిగా ఎరిగిన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలన్నాడు. ఎవరికీ తెలియకూడదని వచ్చిన లింబాద్రి ఆ ఇద్దరి కోసం ఎక్కడికి పోయేవాడో! ఇస్తారి, జిలాని సంతకాలు పెట్టారు. గొలుసు నకిలీదని ఇస్తారి వేరే కాగితం మీద రాసిస్తే, దానికి గుండ్రటి సర్కారు ముద్ర కూడా పడింది. పైఅధికారి సంతకమయ్యాక మాఫీ మంజూరైంది. అబ్దుల్ వహాబ్ ఒక లడ్డూ తీసుకున్నాడు.

బయటికొచ్చాక లింబాద్రి, పెంచలమ్మ కారు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మిగతా ఇద్దరూ రాలేదు. లింబాద్రి వెనక్కి వెళ్ళి చూస్తే, వాళ్ళు మళ్ళీ అదే కౌంటరు దగ్గర ఉన్నారు. అతన్ని చూడగానే ఇస్తారి అచ్చం లింబాద్రి పెట్టినలాంటి ఫారమే ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏందిరా?"

"ఏం లేదే లింబన్నా, కాయిదాల పని."

రెండో దుకాణమా అని లింబాద్రి అడగలేదు.