ఫినాయిలు సీసా మీద రెండు జడల పిల్ల

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దేనికో దాచకుండా చెప్పేస్తాను. మా నాలుగేళ్ల సింధూరి, నేను అటు తిరిగిన ఒక్క నిమిషంలో, తాగకూడనిది ఏదో తాగేస్తుందని.

అయినా సరే, సీసా మీది బొమ్మ చూసినా లోపల ఏముందో తెలియకపోవడమే ఈ కాలం మనకిచ్చిన వరం అంటాను! నవ్వకండి. తొమ్మిదో తరగతితో బడి మానేసినదానికి కళల గొడవ ఎందుకనీ అనకండి. మా ఆడపడుచు అర్చన ఆర్టిస్టు మరి!

నరసన్నపేటలో మాది కిరాణా కొట్టు. మా మామగారు నగరేశ్వరరావు గారి హయాం నుంచీ గులాబీ షర్బతు, గులాబీ వాసన ఫినాయిలు మేమే సీసాల్లో నింపి అమ్ముతున్నాం. పాత లేబుళ్లు ఎంత మోటుగా ఉండేవో! షర్బతు మీద గులాబీ పువ్వు, ఫినాయిలు మీద ఎర్ర చీపురు. చదువు రానివాళ్లు "సీపురు బొమ్మది ఇయ్యండి" అని పట్టుకుపోయేవారు. బుర్రకి ఏమైనా పని ఉండేదా?

అర్చన రెట్రో డిజైన్లు వేస్తుంది. రెట్రో అంటే మన అమ్మమ్మలు పారేసిన డబ్బాల మీది బొమ్మలకి మళ్లీ ప్రాణం పోయడం. అగ్గిపెట్టె రంగులు, బొద్దు అక్షరాలు, కాటుక కళ్లు. ఆమె గీసిన కాకి కూడా కళ్లజోడు పెట్టుకుని టీ తాగుతుంది. నిజంగానే ముచ్చటగా ఉంటాయి, కాదనను.

మా రెండు సీసాలకీ రెండు జడల పిల్లనే గీసింది. చేతిలో గులాబీ, కన్నుకొట్టే నవ్వు. షర్బతు పిల్లది లేత గులాబీ రంగు పరికిణీ, ఫినాయిలు పిల్లది కాస్త ముదురు. అంతే తేడా!

"మరి చీపురేదే?" అన్నాను.

"సీపురు క్యూట్‌గా ఉండదు వదినా! ఇది సిరీసు. ఇద్దరూ అక్కసెల్లెళ్లు. తాగకూడదని ఎనకాల రాసీసినాను కదేటి?"

రాసింది. చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో!

ఇన్‌స్టాలో వందలమంది హార్టులు పెట్టారు. బెంగళూరావిడ ఒకరు సీసా వద్దు, లేబుల్ ఒక్కటే పంపమన్నారు. ఇలాగే సాగితే ఎలకల మందు మీద పిప్పరమెంటు తాతయ్య, యాసిడ్ మీద పెళ్లికూతురు వస్తారు. తల్లులకిక కునుకు పట్టదు. దేశం మేలుకుని ఉండడానికి ఇంతకంటే ఏం కావాలి?

మొన్న సింధూరి ఎండలో ఆడి వచ్చింది. మా అత్తగారు మహాలక్ష్మమ్మ గారికి చదవడం రాదు. రెండు జడల పిల్ల సీసా వంచి గ్లాసులో పోసి, చల్లటి నీళ్లు కలిపారు. తెల్లగా పాలలా అయింది.

"ఒసే కోడలా, ఈపాలి పాలు కూడా కలిపీసినారేటే? బలేగున్నాది!"

నేను వంటింట్లోంచి వచ్చేసరికి గ్లాసు పిల్ల మూతి దగ్గరుంది. నేను లాక్కునేలోగా సింధూరే ముఖం చిట్లించింది.

"నాకొద్దు మామ్మా. గచ్చు వాసనొస్తన్నాది."

చూశారా! కన్నుకొట్టే వాళ్లని నమ్మకూడదని నాలుగేళ్లకే నేర్పేసింది కళ!

అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. అర్చన ఏడ్చి ఏడ్చి, చివరికి ఎర్ర చీపుర్లు గీసి, కొట్లో ఉన్న ప్రతి ఫినాయిలు సీసాకీ అతికించింది. ఆ చీపురికీ మీసాలు పెట్టిందనుకోండి. పోనీ, చీపురని తెలుస్తోంది.

మరి అంతకుముందే అమ్మేసినవి? భావనపాడు నుంచి చేపలు తెచ్చే కూర్మమ్మ వచ్చి, "ఆ రెండు జడల పిల్ల బొమ్మది ఇయ్యమ్మా, కూతురింటికెల్తన్నాను, మనవలకి" అంది. బేరాల హడావుడిలో నేనే చేతికందిన సీసా ఇచ్చేశాను. ఏ పరికిణీదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. చదవడం వచ్చినదాన్నే కదా నేను!

మా ఆయన ఉపేంద్ర భావనపాడు వెళ్లొచ్చారు. ఇంటికి తాళం. ఆవిడకి ఫోను లేదు. కూతురిది ఏ ఊరో ఇరుగుపొరుగుకీ తెలియదు.

మీ వీధిలో ఎవరింటికైనా తల్లి భావనపాడు నుంచి వచ్చిందేమో కనుక్కోండి. పేరు కూర్మమ్మ. ఒక్కసారి వెళ్లి చూడండి. ఆ సీసా మూత తీయొద్దని చెప్పండి.