కాశ్మీరుకు వయా కనకాలపేట

ఈ దేశాన్ని ఉద్ధరించగలవాడు సైకిలు యాత్రికుడు ఒక్కడే! ఈ మాట ఆవేశంలో అనడం లేదు. ఉద్యోగకాలమంతా పిల్లలకు భౌతికశాస్త్రం బోధించి, రుజువు లేనిదే రేపటి సూర్యోదయాన్ని కూడా పూర్తిగా నమ్మని స్వభావం అలవరచుకున్నవాణ్ణి. పరిశీలించి, ప్రయోగం చేసి, ఆ మీదటే చెబుతున్నాను.

యాత్రికుణ్ణి మీరూ చూసే ఉంటారు. ఖాకీ నిక్కరు, నల్ల కళ్ళజోడు, కారియరు మీద పరుపుచుట్ట, హ్యాండిలుకు 'అఖిల భారత సైకిలు యాత్ర' అనే బోర్డు. కొందరు దాని కింద 'విశ్వశాంతి కొరకు' అని కూడా రాయిస్తారు. ఇతగాడు బెజవాడలో పెడలు తొక్కితే కొరియాలో తుపాకులు ఎందుకు ఆగాలో నాకు బోధపడలేదు. అయినా ఆగాయి కదా!

ఇతణ్ణి పీడ అనేవారున్నారు. భోజనం పెట్టాలి, పడక చూపాలి, దండ వెయ్యాలి, ఆ తరవాత పులి కథ వినాలి అని వారి బాధ. ప్రతి యాత్రికుడికీ దారిలో ఒక పులి ఎదురై తీరుతుంది. ఏ పులీ ఏ యాత్రికుణ్ణీ ఇంతవరకు తినలేదు. అంటే మన పులులు శాకాహారులైనా అయి ఉండాలి, లేదా... రెండో సంభావ్యతను మర్యాద కొద్దీ వదిలేస్తున్నాను.

మా యానానికి యాత్రికుల తాకిడి మొదటినుంచీ ఉంది. ట్రంకు రోడ్డు మాకు చాలా దూరం. మరి పనిగట్టుకుని ఎందుకు వచ్చేవారు? మొన్నమొన్నటిదాకా ఇక్కడ ఫ్రెంచి జెండా ఎగిరేది కనుక! మా ఊళ్ళో ముందు చక్రం మోపి వెనక్కి తిప్పితే చాలు, బోర్డు మీద 'విదేశాలు కూడా' అని చేర్చుకోవచ్చు. ఓడ అక్కరలేదు, కలరా సూది అక్కరలేదు. పొద్దున కాకినాడలో ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి ఫ్రాన్సు చూసి, పొద్దువాలకముందే స్వదేశం చేరేవారు. జెండా మారింది గాని, వారికి వచ్చే అలవాటూ మాకు దండలు వేసే అలవాటూ మారలేదు.

యాత్రికుడు వస్తున్నాడంటే ఊరికి ఏమవుతుందో గమనించారా? వీధులు ఊడుస్తారు. దీపాలు వెలుగుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, గుంటలు పూడుస్తారు! దండ వేసే చోటునుంచి దండ తీసే చోటుదాకా ఎర్ర కంకర పరిచి, నీళ్ళు చల్లి, రోలరు దొర్లిస్తారు. ఇన్ని మేళ్ళు చేసేవాడు పీడ ఎలా అవుతాడు?

ఇందులోంచి నేనొక సూత్రం రాబట్టాను: సైకిలు తొక్కేవాడికి దక్కే గౌరవం అతని గమ్యం ఎంత దూరమో దాన్నిబట్టి పెరుగుతుంది, అతని ఉపయోగంతో దానికి ఏ సంబంధమూ లేదు. సూత్రానికి రుజువు కావాలి. రుజువుకు అమ్మిరాజు దొరికాడు.

అమ్మిరాజు తెల్లవారగానే రేవులో చేపలు పోయించుకుని, గంప సైకిలుకు కట్టి, మా వీధులు తిరిగి, కనకాలపేట మీదుగా ఆవలి ఊళ్ళకు వెళ్ళి అమ్ముతాడు. పోయిన వర్షాలకు పేట దగ్గర కాలువగట్టు రోడ్డు తెగి గుంటలు పడింది. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళేసరికి ఎండెక్కుతుంది, చేప మెత్తబడుతుంది, బేరం పోతుంది.

"ఇలాగైతే సైకిలమ్మేసి, ఎవరి వల దగ్గరో కూలికి చేరాలండి మాస్టారూ" అన్నాడు నాతో.

"సన్మాన సంఘం అధ్యక్షులు ఉమామహేశ్వరం గారితో చెప్పలేకపోయావా? ఆయన పైవాళ్ళకు ఒక్క మాట చెబితే రోడ్డు పడుతుంది."

"చెప్పేనండి. 'చేపలకి నీళ్ళు కావాలి గాని రోడ్డెందుకురా?' అన్నారండి."

తర్కం బలమైనదే! నేనొక చెక్క తెప్పించి 'యానాం – కాశ్మీరు సైకిలు యాత్ర' అని రాశాను. నా పాత టోపీ, నల్ల కళ్ళజోడు ఇచ్చాను.

"కాశ్మీరమంటే ఎంత దూరం ఉంటాదండి?" అన్నాడు అమ్మిరాజు.

"నీకెందుకు? నువ్వు వెళ్ళవు కదా!"

యాత్రికుడు కనకాలపేట మీదుగా వెళతాడని సన్మాన సంఘానికి కబురు పెట్టాను. సూత్రం గడియారంలా పనిచేసింది. వారం తిరక్కుండా కనకాలపేట దాటేదాకా ఎర్రటి రోడ్డు పడింది. వీడ్కోలు నాడు మేళం, దండలు, ఉపన్యాసం. ఆ పూట బేరం మానుకోలేక అమ్మిరాజు గంపను టార్పాలినులో చుట్టి కారియరుకు కట్టుకొచ్చాడు. ఉమామహేశ్వరం గారు మూట మీద చెయ్యి వేసి, "వీరి సర్వస్వం ఇందులో ఉంది" అన్నారు. అంతవరకు నిజమే. ఇంతలో వాసన సభను చేరింది. ఆయన తడుముకోలేదు. "మన గోదావరి గాలిని కాశ్మీరందాకా మోసుకెళుతున్న ధీరుడు!" అన్నారు. చప్పట్లు!

ఆయన భార్య వెంకటలక్ష్మి గారు మాత్రం కళ్ళు చికిలించి చూశారు. "ఏవండీ, ఈయన మన చేపల అబ్బాయిలా లేడూ?"

"ఊరుకోవే! ఆయన కాశ్మీరం వెళ్ళే మనిషి. మనకి చేపలు తెస్తాడా?"

మనిషిని చూడవలసిన చోట అందరూ బోర్డునే చూశారు. అమ్మిరాజు కొత్తరోడ్డు మీద రయ్యిన వెళ్ళి, తాజాగా ఉండగానే చేపలమ్ముకుని, మధ్యాహ్నానికల్లా కాశ్మీరం నుంచి ఇంటికి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే నా గుమ్మంలోకి వచ్చాడు. "మాస్టారండీ, రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు కట్టేసేరండి! కాపలా మనిషిని కూడా పెట్టేరండి!"

వెళ్ళి చూశాను. బొంగుకు ఒక అట్ట వేలాడుతోంది: 'కాశ్మీరు యాత్రికుల పునరాగమన స్వాగతార్థము ఈ రోడ్డు భద్రపరచబడినది. బండ్లు, సైకిళ్ళు నిషేధము.'

"ఎవరి కోసవండీ ఇదంతా?"

"నీ కోసమే."

"నేనిక్కడే ఉన్నాను గదండీ! ఆ మాటే కాపలావాడితో అంటే, 'కాశ్మీరమాయనెక్కడ, నువ్వెక్కడ! గంప నెత్తినెట్టుకుని కింద బురదలోంచి పో' అన్నాడండి."

నేను ఉమామహేశ్వరం గారి దగ్గరకు వెళ్ళి నిజం చెప్పాను. రుజువేదన్నారు. బోర్డు చూపించాను. "అయ్యో, బోర్డు మరిచిపోయి వెళ్ళాడా పాపం!" అని దాన్ని తీసుకుని సంఘం గోడకు తగిలించారు.

నిన్న ఆయనే కబురు చేశారు. అరుగు మీద కూర్చుని, నేను సైన్సు మాస్టారిని కనుక, యాత్రికుడు తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుందో లెక్క కట్టమన్నారు. స్వాగతద్వారం ఆర్డరివ్వాలట.

అదే సమయానికి ఆవలి ఊళ్ళనుంచి తిరిగొచ్చిన అమ్మిరాజు అరుగు కింద గంప దించి, అమ్ముడుపోక మిగిలిన పండుగప్పను వెంకటలక్ష్మి గారికి చూపిస్తున్నాడు. మోకాళ్ళదాకా బురద. చేప మొప్పలెత్తి చూసి ఆవిడ పెదవి విరిచారు. "మెత్తబడిందయ్యా, మాకొద్దు. ఏవండీ, వీళ్ళు నడవడానికి ఆ రోడ్డేదో కాస్త వదలకూడదూ?"

"వదులుతామే," అన్నారు ఉమామహేశ్వరం గారు, అమ్మిరాజు తలమీదుగా వీధిలోకి చూస్తూ. "ఆయన్ని రానీ!"

అమ్మిరాజు నావైపు చూశాడు. గంప ఎత్తుకున్నాడు.

నేను లెక్క కట్టడానికి కూర్చున్నాను. కాశ్మీరం నుంచి కనకాలపేట ఎంత దూరమో పటంలో ఉంది. ఆ అరుగు మీదినుంచి కింద వాకిలి ఎంత దూరమో ఏ పటంలోనూ కనబడలేదు.