మూడు చూపిన మీటరు

వాచీలు బాగుచేసే ఆయన ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా శుద్ధమైన నీళ్లు ఒక గ్లాసెడు తేవాలి.

భార్యకు రెండు నెలలుగా దగ్గు. స్వచ్ఛమైన నీళ్లలో వెండి తీగలు ముంచి కరెంటు పెడితే వెండినీళ్లు తయారవుతాయనీ, తాగితే దగ్గు చేత్తో తీసేసినట్టు పోతుందనీ ఫోనులో ఏదో వీడియోలో ఎవడో చెప్పాడు. నీళ్లలో కలిసిన లవణాలను కొలిచే మీటరు మాత్రం సున్నా చూపాలన్నాడు.

"బ్యాటరీ కొట్లో తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఉందిగా?" అంది భార్య దగ్గుతూ.

"అది మూడు చూపిస్తోందే."

"మూడేగా!"

"మూడు సెకన్లు తప్పే వాచీ ఎవరికైనా తిరిగిచ్చానా?"

"పోనీ ఆస్పత్రికి పోదామండీ."

"ముందు సున్నా దొరకనీ." ఆస్పత్రి అంటేనే ఆయనకు భయం. అక్కడేం చెబుతారోనని.

వీధిలో కుళాయిలన్నీ కొలిచాడు. రిపేరుకొచ్చిన ప్రతి వాచీకీ నంబరు కట్టే అలవాటు కదా, ప్రతి గేటు మీదా సుద్దముక్కతో అంకె రాసుకుంటూ పోయాడు.

గంటలో వీధంతా పుకారు గుప్పుమంది, రోడ్డు వెడల్పు కోసం కూల్చే ఇళ్లకు నంబర్లేశారని.

"మా గేటుకి నాలుగొందల పన్నెండు! మీకెంత?"

"మూడొందల ఎనభై. అంటే ముందు మా ఇల్లే కూలుస్తారా వదినా?"

మేస్త్రీ తన అంకె చెరిపి ఎదురింటి గేటు మీద రాశాడు. టైలరమ్మ కుట్టుమిషను రోడ్డు మీద పెట్టేసింది. ఎవరో మునిసిపల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "కూల్చడాలేం లేవు" అన్నారు. దాంతో నిజమేనని అందరికీ రూఢి అయిపోయింది.

చివరికి సుద్దముక్క ఎవరి చేతిలో ఉందో తెలిసి, జనమంతా ఆయన ఇంటి మీద పడ్డారు.

"నీళ్లు కొలిచానమ్మా, అంతే..."

"నీళ్లా! మా మామగారి మంచం రోడ్డు మీదుంది బాబాయ్!"

లోపలి గదిలో దగ్గు వినిపించింది. తిట్టడానికొచ్చినవాళ్లలో ఒక నర్సు ఉంది. తిట్టు సగంలో ఆపి లోపలికెళ్లింది. తలగడ కింద దాచిన రుమాలు తీసి చూసింది. నెత్తురు.

"బండి పిలవండి. పిన్నిగారిని ఎత్తండి."

ఇల్లు పీకి పందిరేద్దామని వచ్చినవాళ్లే ఆవిడను పసిపిల్లలా మోసుకెళ్లారు.

డాక్టరమ్మ ఎక్స్‌రేని చాలాసేపు చూసింది. "మొదట్లోనే వస్తే మందులతో పోయేది. ఇప్పుడు 'చూద్దాం' అని మాత్రమే అనగలను. రెండు నెలలు ఏం చేస్తున్నారండీ?"

"నీళ్లు వెతుకుతున్నానమ్మా," అన్నాడాయన.

ఆమె చేతిలోని కాగితంలో ఆ జవాబుకు గడి లేదు.