మిరుగు నాటి బల్లెం

మిరుగు, అంటే ఇంటింటా చేప తినే మృగశిర కార్తె మొదటి రోజు. పొద్దున్నే రాంచందర్ చాయ్ తాగుతూ ఆ రోజు చేయబోయే పని చెప్పాడు. ధర్మసాగర్ చెరువుకు పోవాలి, పెద్ద చేపను స్వయంగా బల్లెంతో కొట్టి తేవాలి, మధ్యాహ్నం అన్నానికి వచ్చే బావ రాజేశ్వర్ రావు నోరు మూయించాలి. పోయిన మిరుగుకు కూడా తానే పట్టానని ఒక చేప తెచ్చాడు. బావ దాని మొప్పలెత్తి చూస్తే లోపల మార్కెట్టు ఐసు ముక్క! ఆ ముక్క కరిగి ఏడాదైంది గానీ, చుట్టాల పెళ్లిళ్లలో ఆ ముచ్చట ఇంకా కరగలేదు.

"ఈసారి నా ఇజ్జత్ మీదికొచ్చింది," అన్నాడు రాంచందర్.

"మంచిది. నేను మసాలకు బజారుకు పోయొస్త. డ్రమ్ము మూత ఎవ్వరు తియ్యకుండ్రి," అని భార్య నిర్మల సంచీ పట్టుకుని వెళ్లిపోయింది.

సుబేదారిలో తాళ్లు, మేకులు అమ్మే కొట్టు రాంచందర్‌ది. బల్లెం మొనలు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఒకటి వేలంత, ఒక్క ముల్లుది. రెండోది అరచేయంత ఉంది. గుచ్చుకోగానే లోపల దాని రెక్కలు విచ్చుకుంటాయి, ఇక వెనక్కి రాదు. కూతురు స్రవంతి డబ్బా మీది రాత చదివింది.

"బాపూ, పెద్దది సముద్రం చేపలకట. మనకు చిన్నది సాలు."

"మీ మామ ముంగట చిన్నదా?"

మొనను కర్రకు వదులుగా తొడగాలి. చేపకు తగలగానే కర్ర ఊడిపోయి, మొనకు కట్టిన తాడే మిగలాలి. తాడు రెండో కొసను నీళ్లమీద తేలేదానికి కట్టాలని కూడా రాసి ఉంది.

"తాడు నాది, ముడి నాది. తేలేదెందుకు?" అని రాంచందర్ ఆ కొసను తన నడుముకే కట్టుకున్నాడు. లారీ సరుకుకు వేసే ముడి అది. తడిస్తే ఇంకా బిగుస్తుంది.

"జర ఒక్కసారి ఇసిరి చూస్త," అని పొట్టు నింపిన గోనెసంచిని వాకిట్లో ప్లాస్టిక్ నీళ్ల డ్రమ్ము పక్కన నిలబెట్టాడు. ఊపిరి బిగబట్టి విసిరాడు. సంచికి ఏమీ కాలేదు. మొన డ్రమ్ములో దిగిపోయింది.

డ్రమ్ములో ఏదో దబదబా తన్నుకుంది. చిల్లులోంచి నీళ్లు చిమ్మాయి. ఎర్రగా!

"బాపూ... నెత్తురు!" స్రవంతి చిల్లు వైపు వేలు చూపించింది.

రాంచందర్ వెనక్కి దూకాడు. తాడు అతన్ని మళ్లీ డ్రమ్ము దగ్గరికే లాగింది. ఎర్ర నీళ్లు గేటు కింద నుంచి మోరీలోకి పారాయి. వాకిలి ఊడుస్తున్న పక్కింటి కట్టమ్మ ఆ నీళ్లను చూసింది, తడిసి వణుకుతున్న రాంచందర్‌ను చూసింది.

"నిర్మలేదిరా?"

"లే... లేదక్కా."

"లేదా! ఓ అమ్మా, ఉరికిరాండ్రి! రాంచందర్ నిర్మలను పొడిసిండు!"

గల్లీ అంతా గేటు దగ్గరికి వచ్చిపడింది.

"పట్టుకోండ్రి, పారిపోతడు!"

"ఏడికి పోతడు? డ్రమ్ముకు కట్టేసుకున్నడు!"

"రాత్రి కొట్లాడుకున్నరా బిడ్డా?" అని ఎవరో స్రవంతిని అడిగారు. అసలే నలుగురిలో నోరు పెగలని పిల్ల. కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. "అయ్యో, పిల్లకు మతి పోయినట్టున్నది," అన్నారు. అమ్మ బజారులో ఉందని స్రవంతికి తెలుసు. అయినా ఆ మూత వైపు చూడలేక గేటు వైపు తిరిగింది.

మధ్యాహ్నం రావాల్సిన రాజేశ్వర్ రావు ముందే వచ్చి అప్పుడే కారు దిగాడు. "బామ్మర్దీ, ఎంత పని చేసినవురా!" అంటూ జనాన్ని తోసుకుని వచ్చి, కళ్లు మూసుకుని మూత లాగాడు. కళ్లు తెరిచాడు. రెండు చేతులూ లోపల పెట్టి, మొన దిగిన మూరెడు కొర్రమట్టను పైకెత్తాడు.

"నల్లాల చేపలొస్తున్నయా?" అంటూ సగం మంది తమ ట్యాంకులు చూసుకోవడానికి పరుగెత్తారు.

"అయ్యో, నా కొర్రమట్ట!" గేటు దగ్గర నిర్మల చేతిలోంచి మసాలా సంచీ జారిపడింది. కట్టమ్మ ఆమె చెయ్యి గిచ్చి చూసింది. మనిషే.

"నిన్న ధర్మసాగర్ల పానంతోని కొని డ్రమ్ముల ఏసిన. ఈయన ఉత్త చేతులతోని వస్తే ఇజ్జత్ పోతదని," అంది నిర్మల ఏడుపు గొంతుతో.

రాంచందర్ తల దించుకున్నాడు. రాజేశ్వర్ రావు మొప్పలెత్తి చూశాడు. ఐసు లేదు. డ్రమ్ము చిల్లును చూశాడు, తాడును చూశాడు.

"ఎక్కడ కొంటే ఏంది? పానమున్న చేప. కొట్టింది మాత్రం నువ్వే బామ్మర్దీ. గల్లీ అంత సాక్ష్యం. ఒప్పుకుంటున్న."

చేపను మొన నుంచి కోసి తీశారు. విచ్చుకున్న రెక్కలు మాత్రం చిల్లులోంచి బయటికి రాలేదు, తడిసిన ముడి ఊడలేదు, తన కొట్టు తాడును కోయడానికి రాంచందర్ ఒప్పుకోలేదు.

అందుకని ఆ మధ్యాహ్నం అతనికి చేపల పులుసు డ్రమ్ము దగ్గరే వడ్డించారు.