ఆరువందల యాభై ముద్దలు

ఒక పెద్ద అడవిలో, అందరి కడుపులూ నింపే పచ్చటి వంటశాల ఒకటి ఉండేది. వంటంతా ఎండతోనే. చుట్టూ రెండు కంచెలు, కంచెకో కంత. వంటవాళ్ళంతా ఒంటినిండా పొలుసులుండే అలుగులు. ఎండదెబ్బకు ఇట్టే డస్సిపోయేవాళ్ళు కాబట్టి రోజూ ఒక కొత్త అలుగు లోపలికి వెళ్ళాల్సిందే.

ఆ అడవికి పొదుపు అధికారి ముంగిస మితయ్య. పున్నమిలోగా ఏదో ఒక ఖర్చు తగ్గించకపోతే కుర్చీ ఖాళీ చెయ్యమన్నాడు ఏనుగు దొర. కుర్చీ పోతే మళ్ళీ ఎలుకల వెంట పరుగే! పాపం, మితయ్యకు తిండి సహించడం లేదు.

ఓ పొద్దున వెళ్ళి కంత దగ్గర నిలబడ్డాడు. అలుగు సంగతి తెలుసుగా, ముట్టుకుంటే చాలు, ఉండ చుట్టుకుపోతుంది. తోపుడు పనికి పెట్టుకున్న చీమలు ఆ ఉండను విప్పి, బారుగా సాగదీసి, "ఐలేసా!" అంటూ రెండు కంతలూ దాటించాయి. లోపలికి చేరాక మెడలోని ప్రవేశ చీటీ తెంపేశాయి. ఈ తోపుకు అవి తిన్నది ఆరువందల యాభై ముద్దలు.

"ఓరి మీ కడుపులు కాలా! ఒక్కణ్ణి తొయ్యడానికి అన్ని ముద్దలా?" అని మితయ్య గుండెలు బాదుకున్నాడు.

చీమల మేస్త్రీ గండమ్మ మూతి తుడుచుకుంది. "చెట్టును చూసి నేర్చిందేనయ్యా ఇది. ఆకులోని పచ్చ గదులకీ రెండు పొరల గోడలే. పనివాణ్ణి విప్పి, సాగదీసి లోపలికి తొయ్యడానికి ఆకు కూడా తన తిండే ఖర్చు పెడుతుంది. అయినా లోపల రోజుకు లక్ష ముద్దలు వండుతున్నారు కదా?"

"వచ్చేది నాకనవసరం. పోయేదే నేను చూస్తాను."

మర్నాడే చీమలను ఇంటికి పంపేసి 'స్వయంప్రవేశ పథకం' అని బోర్డు కట్టించాడు. మిగిలిన ఆరువందల యాభై ముద్దలనూ బుట్టలో పేర్చి, దానికి పూలదండ వేసి, తన కచేరీ ముందు ప్రదర్శనకు పెట్టాడు.

ఆ రోజు వంతు అలుగు చుట్టయ్యది. కంతలో దూరాడో లేదో, కంచె వీపుకు తగిలింది. అంతే! సగంలోనే ఉండ చుట్టుకుని బిరడాలా బిగుసుకుపోయాడు.

"ముందుకు రావయ్యా!" అని లోపలివాళ్ళు. "వెనక్కి రారా!" అని బయటివాళ్ళు.

"నేనెక్కడికీ రాను బాబోయ్!" అని ఉండలోంచి చుట్టయ్య.

సాయంత్రానికి పాత వంటవాళ్ళు కూలబడ్డారు. వంట ఆగింది. రెండు రోజులకు అడవంతా ఆకలితో నకనకలాడింది. మితయ్య మాత్రం డప్పు వేయించాడు: "నేటి ప్రవేశ ఖర్చు సున్నా!"

చివరికి ఏనుగు దొర చీమలను బతిమాలాడు.

"తోస్తాం దొరా. కానీ ఖాళీ కడుపుతో ఎట్లా తొయ్యడం? ఆరువందల యాభై ముద్దలు పెట్టించండి," అంది గండమ్మ.

అడవంతా గాలించారు. మితయ్య బుట్టలో తప్ప ఎక్కడా మెతుకు లేదు.

"ఇవి తినేవి కావు దొరా, సాధించినవి!" అని మితయ్య బుట్టను వాటేసుకుని భోరుమన్నాడు. దొర తొండంతో లాక్కున్నాడు. చీమలు తిన్నాయి, చుట్టయ్యను విప్పి లోపలికి తోశాయి. వంట మళ్ళీ మొదలైంది.

ఇక కుర్చీ పోయినట్టేనని మితయ్య మూట సర్దుకున్నాడు. సభకు పిలుపు రాగానే ఆ మూట చంకన పెట్టుకుని వెళ్ళాడు.

దొర స్వయంగా లేచి అతని మెడలో దండ వేశాడు. "అంతటి కరువులో ఆరువందల యాభై ముద్దలు దాచి ఉంచిన ముందుచూపు ఎవరిది? మన మితయ్యది! నేటి నుంచి వంటశాల మంత్రి ఇతడే!"

"ఆ కరువు తెచ్చిందీ ఈయనే కదా దొరా!" అని గండమ్మ అరిచింది. చప్పట్ల మోతలో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

నీతి: ఊరికి నిప్పు పెట్టినా ఫర్వాలేదు, చేతిలో చెంబెడు నీళ్ళుంటే సన్మానం తప్పదు.